మూడో రోజు నుంచి ఏడో రోజు దాకా

మొదటి రోజు: మహదేవపూర్ – కాళేశ్వరం – సిరొంచ

ప్రయాణానికి మంచి రోజు చూసుకోమని ఇంట్లో వాళ్లు పోరినా, మేము బయలుదేరే తేదీని నిర్ణయించింది పంచాంగం కాదు. మహదేవపూర్ మండలంలో గోదావరికి దగ్గరగా ఉన్న ఒక చిన్న పల్లెలో, డిసెంబరు చలిలో పుట్టిన ఒక ఆడపిల్ల నిర్ణయించింది. మా అక్క కూతురు ఆ పల్లెకు ఆశా కార్యకర్త. ఆసుపత్రిలో కాన్పయిన బిడ్డను ఆశా 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వెళ్లి చూడాలి. ఇంట్లోనే కాన్పయితే మొదటి రోజు కూడా వెళ్లాలి. "మూడో రోజు చూసి పోదాం చిన్నమ్మా, ఏడో రోజుకు మళ్ల నేను ఈడ ఉండాలె" అని ఆమె ముందే షరతు పెట్టింది. అందువల్ల మా యాత్రకు దొరికినవి ఆ రెండు రోజులూ కలుపుకొని ఐదు రోజులు మాత్రమే.

నేను 31 ఏళ్లు ఏఎన్ఎంగా (సబ్‌సెంటరు నర్సుగా), ఆ తర్వాత సూపర్‌వైజర్‌గా పనిచేసి పదవీ విరమణ చేశాను. చివరి పదేళ్లలో ఆశాలకు ఆరో మాడ్యూల్, ఏడో మాడ్యూల్ అనే శిక్షణ పుస్తకాలు చెప్పడం నా పనుల్లో ఒకటి. పసిగుడ్డు ఊపిరి లెక్కపెట్టడం, జోలెలో వేసి తూచడం, బొడ్డు చూడడం, తల్లికి పాలు పట్టే తీరు సరిచేయడం అందులోని పాఠాలు. ఆ పాఠాలకు మూలం గడ్చిరోలి పల్లెల్లో ఉందని శిక్షణలో చెప్పేవారు. గడ్చిరోలి మాకు నది అవతలి జిల్లాయే. అయినా మా వైపు వాళ్లకు ఆ పేరు వినగానే గుర్తుకొచ్చేది అడవీ, పత్రికల్లో ఎన్‌కౌంటర్ వార్తలూ. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ వెళ్లాలనుకుంటూనే వెళ్లలేకపోయాను. ఈసారి ముందుగా ఉత్తరం రాసి, అనుమతి తెచ్చుకొని, అక్క కూతురిని వెంటబెట్టుకొని బయలుదేరాను.

ఉదయం ఏడు గంటలకే ఆ ఇంటికి చేరుకున్నాము. అక్క కూతురు చేతి గాజులను మోచేతి దాకా ఎగదోసుకొని, సబ్బుతో చేతులు కడుక్కొని, తుడుచుకోకుండా గాలికి ఆరనిచ్చింది. అలా చేయమని నేనే నేర్పాను గానీ, ఎంతమంది పాటిస్తారో నాకు తెలుసు కనుక ఆ ఒక్క పని చూసి మనసులో సంతోషించాను. బిడ్డ నిద్రలో ఉంది. ముందుగా ఊపిరి లెక్కపెట్టింది, ఎందుకంటే బట్ట విప్పి తూకం వేశాక బిడ్డ ఏడుస్తుంది, ఏడ్చే బిడ్డ ఊపిరి లెక్కకు రాదు. నిమిషానికి 52. తర్వాత చంకలో థర్మామీటరు, ఆ తర్వాత జోలె తక్కెడ. పుట్టినప్పుడు 2 కిలోల 200 గ్రాములున్న పిల్ల ఇప్పుడు 2 కిలోల 100 ఉంది. తొలి రోజుల్లో పిల్లలు కొంత తగ్గడం మామూలే కానీ, రెండున్నర కిలోల లోపు పుట్టిన బిడ్డ విషయంలో ఆ మామూలును కూడా అనుమానంతోనే చూడాలి. తక్కెడ ముల్లు పసుపు పట్టీలో ఆగింది. ఇంకొంచెం జారితే ఎర్ర పట్టీ.

బిడ్డ నాయనమ్మ పొయ్యి మీద నీళ్లు కాగబెట్టి సిద్ధంగా ఉంచింది. నూనె రాసి, కాళ్ల మీద బోర్లా వేసుకొని, తలంటి నీళ్లు పోయాలని ఆమె ఉద్దేశం. బరువు తక్కువ పిల్లకు చలికాలంలో స్నానం తొందర వద్దని, తల్లి రొమ్ములకు ఆనించి ఒంటి వెచ్చదనం తగిలేలా పడుకోబెట్టమని అక్క కూతురు చెప్పింది. పెద్దావిడ ఔననలేదు, కాదనలేదు. కాగిన నీళ్లను తీసుకెళ్లి బర్రె కుడితిలో కలిపింది.

పదిన్నరకు కాళేశ్వరం చేరాము. ఒకే పానవట్టం మీద ఉన్న రెండు లింగాలకు దండం పెట్టుకొని, ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట కాళ్లు తడుపుకొని, వంతెన మీదుగా సిరొంచకు వెళ్లాము. ఈ వంతెన పడకముందు రెండు ఒడ్ల మధ్య నాటు పడవలే దిక్కు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో సిరొంచ వైపు నుంచి నిండు గర్భిణులను పడవలో తెచ్చి, ఒడ్డు నుంచి ఎడ్లబండి మీద మహదేవపూర్ తీసుకొచ్చిన సంఘటనలు ఎన్నో చూశాను.

సిరొంచ మహారాష్ట్రలో ఉన్నా బజారులో వినిపించేది ఎక్కువగా తెలుగే. బోర్డుల మీద మరాఠీ, బేరాల్లో తెలుగు. మేము దిగిన బంధువుల ఇంటికి సాయంత్రం ఆ వాడ ఆశా వచ్చింది. అక్కడ ఆమెను "ఆశాతాయి" అంటారు. మరాఠీలో తాయి అంటే అక్క. ఇద్దరు ఆశాలూ ఐదు నిమిషాల్లో ఒక ఫిర్యాదు దగ్గర కలిశారు. తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వెళ్లడం రెండు ఒడ్లలోనూ ఆనవాయితీ. సిరొంచ కోడలు ఏడో నెలలో మహదేవపూర్ వచ్చి, పురుడు పోసుకొని, మూడో నెలలో బిడ్డతో తిరిగి వెళుతుంది. ఆమె కార్డు మరాఠీలో ఉంటుంది, కాన్పు తెలంగాణలో జరుగుతుంది. ఒక ఒడ్డు రిజిస్టరులో "వలస" అని, ఇంకో ఒడ్డు రిజిస్టరులో "బయటి కేసు" అని రాస్తారు. మధ్యలో ఆ బాలెంతరాలు ఎవరి లెక్కలోనూ ఉండదు. "ఆమె నాది కాదు, నీది కాదు. మరి బిడ్డకు ఏమన్న అయితే ఇద్దరినీ అడుగుతరు" అని ఆశాతాయి తెలుగులోనే అన్నది. వాళ్లిద్దరూ ఫోన్ నంబర్లు మార్చుకొని, తమకు తెలిసిన అటువంటి ముగ్గురు గర్భిణుల పేర్లు ఒకరి పుస్తకంలో ఒకరు రాసుకున్నారు. ఏ జీవోలోనూ లేని ఆ పని ఇద్దరు ఆడవాళ్లు టీ చల్లారేలోగా ముగించారు.

రెండో రోజు: సిరొంచ – ఆళ్లపల్లి – గడ్చిరోలి

ఈ రోజు గురించి చెప్పడానికి రోడ్డు తప్ప పెద్దగా ఏమీ లేదు. సిరొంచ నుంచి ఆళ్లపల్లి వరకు వంద కిలోమీటర్ల అడవి దారి. ఎస్టీ (మహారాష్ట్ర ఆర్టీసీ) బస్సు మధ్యలో ఒకసారి టైరు పోయి ఆగింది. గంటన్నర సేపు టేకు చెట్ల కింద నిలబడ్డాము. బస్సులో మూడో నెల బిడ్డను ఒళ్లో పెట్టుకున్న తల్లి ఒకామె ఉంది. గుంత వచ్చినప్పుడల్లా ఆమె సీటు మీద నుంచి కొద్దిగా లేచి, బిడ్డ తల తన మోచేతి మడతలో కుదుపు తగలకుండా పట్టుకొని, మళ్లీ కూర్చునేది. నొప్పులు పడుతున్న మనిషిని ఈ దారిలో తీసుకెళ్లడం ఎలా ఉంటుందో అక్క కూతురు అడగలేదు, నేను చెప్పలేదు. ఆళ్లపల్లి దాటాక ఆష్టి దాకా సూర్జాగఢ్ గనుల ఇనుప రాయి లారీలు వరుసగా ఎదురయ్యాయి. చామోర్షి మీదుగా గడ్చిరోలి చేరేసరికి చీకటి పడింది.

చెట్ల కింద నిలబడిన ఆ గంటన్నరలో, ఎన్నడూ ఎవరికీ పూర్తిగా చెప్పని ఒక విషయం అక్క కూతురికి చెప్పాను. 1990ల నడుమ ఒక చలికాలం. నా సబ్‌సెంటరు పరిధిలోని ఒక పల్లెలో కాన్పు ఇంట్లోనే జరిగింది. మంత్రసాని పిలిస్తే రెండో రోజు వెళ్లి బొడ్డు చూసి వచ్చాను. అంతా బాగానే ఉంది. మళ్లీ ఆ పల్లెకు వెళ్లింది నెలన్నర తర్వాత, టీకాల రోజున. బిడ్డ లేదు. తొమ్మిదో రోజు నుంచి పాలు తాగడం మానేసిందట, డొక్కలు ఎగరేసిందట, దిష్టి తీశారట, పదకొండో రోజు పోయిందట. తల్లి ఈ మాటలన్నీ ఏడవకుండా చెప్పింది. నేను రిజిస్టరులో ఒక గడి నింపాను.

ఆ రోజుల్లో మా పని ఎలా ఉండేదో ఈ తరం వాళ్లకు తెలియదు. కుటుంబ నియంత్రణ లక్ష్యాలు 1996 దాకా మా నెత్తిన కత్తిలా వేలాడేవి. నెల చివరలో అధికారులు అడిగేది ఎన్ని ఆపరేషన్లు తెచ్చావనే. పిల్లల విషయానికి వస్తే పుట్టగానే బీసీజీ టీకా, ఆ తర్వాత ఆరు వారాలకు డీపీటీ టీకా. ఆ రెండింటి నడుమ ఉన్న ఆరు వారాలకు మా రిజిస్టర్లలో గడే లేదు. తొలి నెలలో చనిపోయే పిల్లల్లో దాదాపు నాలుగింట మూడొంతుల మంది తొలి వారంలోనే పోతారని మేము పాఠంగా చదువుకున్నాము. చదువుకొని కూడా, సరిగ్గా ఆ వారంలోనే ఎవరూ ఆ గడప తొక్కని ఏర్పాటులో ఏళ్ల తరబడి పనిచేశాము. ఇప్పుడు ఆశా వెళ్లే 42వ రోజు అంటే అక్షరాలా ఆరు వారాలు. లేని గడిని ఎవరో గీశారు. ఆ గీసిన చోటును చూడడానికే ఈ ప్రయాణం.

మూడో రోజు: శోధగ్రామ్

గడ్చిరోలి నుంచి ధానోరా వెళ్లే దారిలో, చాత్‌గావ్ దగ్గర అడవి అంచున శోధగ్రామ్ ఉంది. అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే వైద్య దంపతులు అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో ప్రజారోగ్యం చదివి వచ్చి, 1980ల నడుమ గడ్చిరోలిలో 'సెర్చ్' అనే సంస్థను స్థాపించారు. శోధగ్రామ్ దాని ఆవరణ. ఆసుపత్రి పేరు మా దంతేశ్వరి. గోండు ఆదివాసులు పెద్ద పెద్ద భవనాలంటే జంకుతారని, రోగితో పాటు ఇంటిల్లిపాదీ వస్తారని గ్రహించి, వాళ్ల ఇళ్లను పోలిన గుడిసెల్లాగా గదులు కట్టారు. ఆవరణలో దంతేశ్వరి అమ్మవారి గుడి కూడా ఉంది. మా వైపు ఆసుపత్రుల్లో రోగి బంధువులను బయటికి తోలడానికే ఒక మనిషిని జీతమిచ్చి పెట్టుకుంటారు కనుక ఈ ఏర్పాటును నేను కొంచెం అసూయతోనే చూశాను.

అక్కడి కార్యకర్త ఒకరు హిందీలో మాకు అన్నీ వివరించారు. వాటిలో చాలా సంగతులు నాకు పుస్తకాల ద్వారా తెలిసినవే, కానీ జరిగిన చోట నిలబడి వింటే వాటి వరస వేరుగా అర్థమైంది. మొదట రాణీ బంగ్ రెండు పల్లెల్లో స్త్రీలను పరీక్షించారు. నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీ వ్యాధి ఉన్నట్లు తేలింది. అది 1989లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. అంతవరకూ పల్లె ఆడదాని ఆరోగ్యమంటే ప్రభుత్వ లెక్కల్లో కాన్పు, ఆపరేషనే. తెల్లబట్ట, పొత్తికడుపు నొప్పి లాంటివి ఎవరూ అడగనూ లేదు, ఎవరూ చెప్పనూ లేదు. ఆ తర్వాత న్యుమోనియా పని, ఆ తర్వాతనే పసిగుడ్డు పని. ఒక్కో అడుగూ ముందటి అడుగు చూపిన చోటే పడింది.

పసిగుడ్డు పని వివరం ఇది. 1993లో ఎంచుకున్న పల్లెల్లో ముందుగా పుట్టుకలూ చావులూ ఖచ్చితంగా లెక్కించారు. 39 పల్లెల్లో 5 నుంచి 10 తరగతుల దాకా చదివిన స్థానిక స్త్రీలను ఎంపిక చేసి, ఆరోగ్యదూతలని పేరు పెట్టి, విడతలు విడతలుగా శిక్షణ ఇచ్చారు. పోల్చి చూడడానికి ఇంకో 47 పల్లెలను మామూలు సర్కారు సేవలకే వదిలారు. ఆరోగ్యదూత కాన్పు సమయంలో మంత్రసాని పక్కనే ఉంటుంది. మంత్రసాని చూపు తల్లి మీద, ఈమె చూపు బిడ్డ మీద. ఏడవని బిడ్డకు గొంతులో చీమిడి తీసి ఊపిరి అందించడం, బరువు తక్కువ బిడ్డను వెచ్చని సంచిలో పెట్టడం, నెల రోజుల పాటు మళ్లీ మళ్లీ వెళ్లి చూడడం, రక్తంలో విషక్రిమి సోకిన గుర్తులు కనిపిస్తే నోటిమందుతో పాటు జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ సూది వేయడం ఆమె పని. మొదట్లో వెయ్యి మంది పుడితే 62 మంది తొలి నెలలోనే పోయేవారు. 1997–98 నాటికి ఆ సంఖ్య 25కు వచ్చింది. మిగతా పల్లెల్లో అది తగ్గనే లేదు. 1999 డిసెంబరులో లాన్సెట్ ఆ ఫలితాలను అచ్చువేసింది.

వింటున్నంతసేపూ అక్క కూతురు తన పుస్తకంలో ఏవో రాసుకుంటూ ఉంది. చివరికి ఒకే ఒక ప్రశ్న అడిగింది. "ఆ ఆరోగ్యదూతలకు సూది ఇయ్యనిచ్చిండ్రా?" ఔనన్నారు. ఇంకేమీ అడగలేదు.

సాయంత్రం గుడి ముందు కూర్చున్నప్పుడు ఆ ప్రశ్న మళ్లీ లేచింది. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశాలు వచ్చారు. 2011లో గడ్చిరోలి పద్ధతిని ఇంటి వద్ద నవజాత శిశు సంరక్షణ పేరుతో దేశమంతటికీ విస్తరించి, ఆ సందర్శనలన్నీ పూర్తి చేసిన ఆశాకు 250 రూపాయలు ప్రోత్సాహకంగా నిర్ణయించారు. పద్ధతిలో తక్కెడ వచ్చింది, థర్మామీటరు వచ్చింది, గడియారం వచ్చింది, ఫారం వచ్చింది. సూది మాత్రం రాలేదు. 2014లో, పెద్దాసుపత్రికి తీసుకుపోలేని పరిస్థితిలో జెంటామైసిన్ వేసే అనుమతి ఏఎన్ఎంకు దొరికింది, ఆశాకు దొరకలేదు.

నాలుగో రోజు: ఒక గోండు పల్లె, మళ్లీ తిరుగు దారి

ఉదయమే ధానోరా తాలూకాలోని ఒక పల్లెకు మమ్మల్ని తీసుకెళ్లారు. పల్లె చుట్టూ ఇప్ప చెట్లు, ఇళ్ల ముందు కళ్లాల్లో వడ్లు. అరవై ఏళ్లకు దగ్గరపడిన ఒక ఆరోగ్యదూత తన ఇంటి అరుగు మీద మమ్మల్ని కూర్చోబెట్టింది. ఆమెకు మరాఠీ, గోండీ వచ్చు. మాతో వచ్చిన కార్యకర్త హిందీలోకి మారుస్తున్నాడు.

ఆమె మొదట తీసి చూపించినది నేను బొమ్మల్లో మాత్రమే చూసిన వస్తువు. ఒక చిన్న చెక్క పలక, దాని మీద ఒక్క నిమిషంలో ఖాళీ అయ్యే ఇసుక గడియారం, పక్కన తీగకు గుచ్చిన పూసలు రెండు వరసలు. న్యుమోనియా పని మొదలుపెట్టిన రోజుల్లో చదువురాని మంత్రసానులు పది పన్నెండుకు మించి లెక్కించలేకపోయేవారు. నిమిషానికి 60 అంటే వాళ్లకు లెక్క తప్పిపోయేది. దానికి విరుగుడుగా చేసిన ఉపాయం ఇది. ఇసుక తలకిందులు చేసి బిడ్డ డొక్కను చూస్తూ పది ఊపిర్లు లెక్కించి ఒక పూస జరపాలి. మళ్లీ పది, మళ్లీ ఒక పూస. ఇసుక అయిపోకముందే చివరి ఎర్ర పూస జరపాల్సి వచ్చిందంటే బిడ్డకు జబ్బు ఉన్నట్లే. రెండు నెలల లోపు పిల్లలకు ఒక వరస, అంతకంటే పెద్ద పిల్లలకు ఇంకో వరస. నేను ముప్పై ఏళ్లు చేతి గడియారం ముల్లునూ బిడ్డ డొక్కనూ ఒకేసారి చూడలేక తంటాలు పడ్డాను. అది చదువురానితనానికి సంబంధించిన కష్టం కాదని, రెండు కళ్లూ ఒకే చోట ఉండవలసిన పనిలో ఉన్న కష్టమని, దానికి పరిష్కారం ఇంత చవకగా ఉందని అప్పుడు తెలిసింది.

పక్క ఇంట్లో నెల దాటిన బిడ్డ నిద్రపోతోంది. తల్లి సరేనంటే, ఆమె మాకు చేసి చూపించింది. బిడ్డ రొమ్ము మీది గుడ్డను రెండు వేళ్లతో తొలగించి, పొట్ట మీద వెలుతురు పడేలా కొంచెం పక్కకు జరిగి, నోట్లోనే లెక్కించసాగింది. "ఉందీ, రండ్, ముండ్, నాలుంగ్..." అక్క కూతురు ఉలిక్కిపడి నా చెయ్యి గిల్లింది. "చిన్నమ్మా, మన తీరుగనే ఉన్నది కద!" రెండు, మూడు, నాలుగు. ఏడు దగ్గరికి వచ్చేసరికి ఆమె "యేడుంగ్" అంటే, మా పిల్ల పెదవులు "ఏడు" అంటూ కలిసి కదిలాయి. హిందీలోకి మార్చే మనిషి అవసరం ఆ నిమిషం పాటు లేకపోయింది. నాలుగు పూసలు జరిగి, ఐదోది ఇంకా కదలకముందే ఇసుక నిలిచిపోయింది.

సూది గురించి నేనే అడిగాను. మొదటిసారి వేసినప్పుడు చెయ్యి వణికిందని ఆమె దాచకుండా చెప్పింది. బిడ్డ తొడ తన బొటనవేలంతే ఉందట. దాని మీద సూది పెట్టాలంటే తన తల్లి ఎదురుగా నిలబడి చూస్తున్నట్లు అనిపించిందట. కానీ ఆ రోజు దాకా ఎన్నోసార్లు బొమ్మ మీద, ఇంకెన్నోసార్లు శిక్షకురాలి ఎదుట చేసి ఉన్నందువల్ల, మనసు వణికినా వేళ్లకు పని తెలుసునట. మందు మోతాదు బిడ్డ బరువును బట్టి, వయసును బట్టి ఎంతో ఆమె ఇప్పటికీ తడుముకోకుండా చెప్పగలదు. బిడ్డ తల్లిదండ్రుల ఒప్పుదల లేకుండా వేసేది కాదు.

తిరిగి వస్తూ జీపులో అక్క కూతురికి, నాకు మధ్య చిన్న వాదన జరిగింది. మాకు కూడా నేర్పితే తప్పేమిటని ఆమె అడిగింది. నేను ముందు ఉద్యోగి లాగా జవాబు చెప్పాను. 39 పల్లెల్లో క్రమం తప్పకుండా వచ్చి చూసే వైద్యులూ, పర్యవేక్షకులూ ఉన్నచోట జరిగిన పని, పది లక్షల మంది ఆశాలకు ఇరవై రోజుల శిక్షణతో అప్పగిస్తే ఒకేలా జరగదు అన్నాను. ఇప్పుడు కాన్పులు ఎక్కువగా ఆసుపత్రుల్లోనే అవుతున్నాయనీ, 108 ఉందనీ, జిల్లా ఆసుపత్రుల్లో నవజాత శిశువుల వార్డులు వచ్చాయనీ అన్నాను. ఇవన్నీ నిజాలే. కానీ ఆమె ఇలా అన్నది: "నువ్వు ముప్పై ఏండ్లు సూది పట్టుకొని తిరిగినవు చిన్నమ్మా, తొమ్మిదో దినం నాడు నువ్వు ఆడ లేవు. నేనేమో ఆడనే ఉంట, నా చేతుల సూది లేదు." దానికి నా దగ్గర జవాబు లేదు. వానాకాలంలో వాగు పొంగి 108 ఒడ్డున ఆగిపోయే పల్లెలు మా మండలంలోనే కొన్ని ఉన్నాయి.

ఒక్క మాట పక్కకు వెళ్లి చెప్పాలి. ఊరి మనిషికే ఊరి వైద్యం నేర్పాలనే ఆలోచన మన ప్రభుత్వాలకు కొత్తది కాదు. 1977 గాంధీ జయంతి నాడు సామాజిక ఆరోగ్య కార్యకర్తల పథకం మొదలైంది. అందులో ఎంపికైనవాళ్లు ఎక్కువగా మగవాళ్లు. నేను ఉద్యోగంలో చేరేసరికి వాళ్లలో మిగిలినవారు నెలకు ఒకసారి సంతకం పెట్టడానికి మాత్రమే కనిపించేవారు. బాలెంతరాలి గదిలోకి మగవాడు అడుగు పెట్టలేడన్న సంగతి ఏ మంత్రసానిని అడిగినా చెప్పేది. ఎవరూ అడిగినట్లు లేదు. మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో 1970 నుంచి పనిచేసిన ఆరోలే వైద్య దంపతులు, గడ్చిరోలిలో బంగ్ దంపతులు, 2002లో మితానిన్లనే ఊరి ఆరోగ్య కార్యకర్తలను ఎంచుకున్న ఛత్తీస్‌గఢ్ ఆ ప్రశ్న అడిగారు కాబట్టే ఆశా ఆడమనిషి అయింది.

మధ్యాహ్నం బస్సులో చంద్రపూర్ వెళ్లి, అక్కడి నుంచి బల్లార్షా చేరి, రైలెక్కాము. కిటికీ పక్కన కూర్చున్న అక్క కూతురు, ఎదుటి సీటులో తండ్రి భుజం మీద నిద్రపోతున్న పిల్లవాడి వీపును చూస్తూ వేళ్లు మడవడం నేను గమనించాను. పిల్లవాడు లేచి మా వైపు చూసి నవ్వేసరికి ఆమె లెక్క తప్పింది. పెద్దపల్లిలో దిగేసరికి రాత్రి బాగా పొద్దుపోయింది.

ఐదో రోజు: మంథని – కాటారం – మళ్లీ ఆ ఇల్లు

పెద్దపల్లి నుంచి తొలి బస్సు పట్టుకొని మంథని, కాటారం మీదుగా మహదేవపూర్ చేరాము. అలసటగా ఉంది, ఇంటికి వెళ్లి స్నానం చేసి వెళదామని నేను అన్నాను. పదకొండు దాటితే బిడ్డ తల్లి నిద్రపోతుందని, లేపడం బాగుండదని చెప్పి ఆమె నేరుగా ఆ ఇంటికే నడిచింది. కిట్టు సంచి ఇంట్లో ఉంటే, తమ్ముడికి ఫోన్ చేసి బండి మీద తెప్పించింది.

తలుపు దగ్గరే నాయనమ్మ ఎదురైంది. ఈసారి పొయ్యి మీద నీళ్లు లేవు. బిడ్డ తల్లి రొమ్ముల మధ్య, పాత నూలు చీర మడతలో ఒదిగి ఉంది. నెత్తికి కుల్లాయి, కాళ్లకు మేజోళ్లు. అది చూసి నేను తొందరపడి మెచ్చుకోబోతే, "అది కాదు, చలి పెడుతున్నదని దానంతటదే ఎక్కించుకున్నది" అని పెద్దావిడ కోడలి మీదికి నెట్టింది.

చేతులు కడుక్కోవడం, గాలికి ఆరనివ్వడం, గడియారం. మొదటిసారి లెక్క 62 వచ్చింది. అక్క కూతురి మొహం మారింది, కానీ ఏమీ అనలేదు. నాకు కూడా గుండె జారింది. 60 గానీ అంతకు మించి గానీ ఉంటే ప్రమాద సూచన. అయితే ఒక్కసారి లెక్కతో నిర్ణయించకూడదని, బిడ్డను కుదుటపడనిచ్చి మళ్లీ ఒక నిమిషం పూర్తిగా లెక్కించాలని మేము నేర్పే పాఠంలోనే ఉంది. పాలు వదిలించి పడుకోబెట్టిన వెంటనే చూశాము కాబట్టి కొంచెం ఆగాము. ఆ ఆగిన సమయంలో ఆమె డొక్కలు లోపలికి గుంజుకుపోతున్నాయేమో వంగి చూసింది, లేదు. బొడ్డు పొడిగా ఉంది. అరికాలు ముట్టుకుంటే వెచ్చగా ఉంది. పాలు ఎట్లా తాగుతుందని అడిగితే తల్లి జవాబు చెప్పేలోగా నాయనమ్మే "రాత్రంత జుర్రుతనే ఉన్నది, నాకు నిద్ర లేదు" అని విసుక్కుంది. ఆ విసుగు విన్న తర్వాత నాకు ఊపిరి ఆడింది.

రెండోసారి ఆమె లెక్కపెట్టింది, పక్కన కూర్చొని నేనూ వేరుగా లెక్కపెట్టాను. ఇద్దరికీ 54 వచ్చింది. ఫారంలో రెండు అంకెలూ రాసింది. తూకం వేస్తే ముల్లు మళ్లీ 2 కిలోల 100 దగ్గరే ఆగింది. తగ్గలేదు, పెరగలేదు. పద్నాలుగో రోజు దాకా ఆగకుండా మధ్యలో ఇంకోసారి రావాలని అనుకున్నట్లు నాకు ఆమె చూపులోనే తెలిసింది. ఆ అదనపు రాకకు ఫారంలో గడి లేదు కనుక, పుస్తకం చివరి పేజీలో తేదీ వేసుకుంది.

"ఎల్లుండి మళ్ల వస్త పెద్దమ్మా" అని చెప్పి తక్కెడ మడిచింది.

"ఎల్లుండి గూడ నీళ్లు పోయనియ్యవా?" అని నాయనమ్మ అడిగింది. "ఇరవై ఒకటో దినం పురుడు ఉన్నది. ఊరంత వస్తరు. పిల్ల నెత్తికి నూనె లేకుంటే నన్నంటరు, నిన్ననరు."

"తూకం ఎక్కితే నేనే కాళ్ల మీదేసుకొని పోస్త. నువ్వు నీళ్లు మాత్రం కాగబెట్టు."

పెద్దావిడ మొదటిసారి నవ్వింది. జోలె గుడ్డను ఉతకడానికి తీసి తన భుజం మీద వేసుకొని, ఇంత దూరం నుంచి వచ్చారు కదా టీ తాగి పోండని మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టింది.